కొండ మీది శనివారం

మే 11, సోమవారం. ఆళ్లగడ్డ

శ్రావ్య ఫోన్. మంచుకొండల కింద రోడ్డు ఆగిపోయే ఊరు చేరిందట. ఇక రేపటి నుంచి నడక, గుడారాలు. సిగ్నల్ ఉండదు. మళ్లీ మాట ఆదివారం, కిందికి దిగాకే.

"జేజీ, ఈడ సలికి పండ్లు టకటకా కొట్టుకుంటాండాయి." నవ్వుతోంది. వెనక గుర్రాల మెడగంటలు. ఇక్కడ ఎండకు గడప మీద కాలు పెట్టలేకపోతున్నాను.

చెవులకు గుడ్డ కట్టుకో అన్నాను. గైడు చెప్పినట్టు విను అన్నాను. చివర్లో, అలవాటుగా — "శనివారం మర్చిపోయేవు."

"నేనా? నీ మనవరాలిని, జేజీ."

కట్ అయింది.

మే 12, మంగళవారం

నంద్యాల నుంచి రాఘవ. "అమ్మా, నువ్వు టీవీలో వార్తలు చూడాకు." కూతుర్ని పంపింది వాడు, భయపడొద్దని నాకు చెప్పేదీ వాడే. చూశాను. మంచు. ఏదో దారి మూసేశారు. వీళ్ల దారి కాదట.

నాకు తెలిసిన కొండ అహోబిలం ఒక్కటే. జ్వాలా నరసింహుడి దగ్గరికి ఎక్కేటప్పుడు వాగు రాళ్ల మీదే కాళ్లు వణికాయి. ఆ కొండ మీద మంచు పరిచి ఊహించబోయాను... నిలవలేదు.

మే 13, బుధవారం

బీపీ చూపించుకోవడానికి నంద్యాల. డాక్టరమ్మ వయసులో ఉన్నప్పుడు అలాంటి కొండలు ఎక్కిందట. ఉత్సాహంగా చెప్పుకుపోతోంది. "పైకి పోయేకొద్దీ ఆకలి సచ్చిపోతాదండీ. అయినా బలవంతంగా తినాల. దప్పిక లేకున్నా నీళ్లు తాగుతానే ఉండాల. ఖాళీ కడుపుతో ఎక్కినారంటే తల తిరిగి పడిపోతారు. మీ పాప ఎప్పుడు దాటుతాది కనుమ?"

శనివారం అన్నాను.

అన్నాక కూడా తట్టలేదు. బస్సు శిరివెళ్ల దాటుతుండగా తట్టింది.

శనివారం మా ఇంట్లో ఒక్కపొద్దు. సాయంత్రం నేను దీపం పెట్టేదాకా మెతుకు లేదు, నీటి చుక్క లేదు. నా దగ్గర పెరిగిన ఆ పిల్ల లంగా ఓణీ వేసిన నాటి నుంచి తప్పలేదు. జ్వరంలోనూ ఉంది. ఉపవాసం ఉన్నట్టు పైకి చెప్పుకోకూడదు, చెప్పుకుంటే ఫలం పోతుంది — అదీ నేను నేర్పిందే. అంటే గైడు అడిగినా చెప్పదు. తిన్నాను అంటుంది. రొట్టె జేబులో వేసుకుంటుంది. ఎక్కుతుంది.

మే 14, గురువారం

ట్రెక్కింగ్ వాళ్ల ఆఫీసుకు ఫోన్ చేశాను. ఇంగ్లీషులో చెప్పాను, ఒక్క తప్పు లేకుండా. అక్కడి అమ్మాయి అందరూ క్షేమం అంటుంది, మళ్లీ చెబితే మళ్లీ అదే. పక్కింటి ఖాసింబీని పిలిచాను. ఆమె ఉర్దూలో అందుకుంది.

"ఏమంటాంది?"

"కొండ మీద పూరీలు చేస్తారంట టీచరమ్మా, ఎవురూ తినకుండా పోరంట."

"ఈ పిల్ల పోతాది అని చెప్పు."

చెప్పింది. అటునుంచి చాలాసేపు మాట. రేపు గుర్రాలాయన సామాను తీసుకొని పై గుడారాలకు పోతాడట. కబురు అతని చేతికిస్తారట. ఏం చెప్పాలి?

జేజి తినమంది అంటే నమ్మదు. జేజి చచ్చినా అలా అనదని దానికి తెలుసు. గైడు కల్పించాడనుకుంటుంది.

ప్రతి శనివారం సాయంత్రం నేను అనే మాట ఒకటుంది. దేవుడి గూటి దగ్గర నుంచి వంటింట్లోకి కేక — "దీపం పెట్టినా, రాండి." ఆ మాట తర్వాతే గిన్నెల మూతలు తీస్తాం. ఇంకెవరికీ తెలియని మాట. అదే పంపమన్నాను.

ఖాసింబీ ఫోన్లో ఆ అమ్మాయికి తెలుగు నేర్పింది. "దీ-పం. దీబమ్ గాదు తల్లీ, దీపం. మళ్లా అను." ఒకటో తరగతి పాఠం. ఇంకో రోజైతే నవ్వేదాన్ని. ఆ అమ్మాయి నోటి నుంచి గుర్రాలాయనకు, ఆయన నోటి నుంచి కొండ మీదికి... అందేసరికి ఏం మిగులుతుంది?

మే 15, శుక్రవారం

పైన వాన అట. గుర్రాలాయన బయలుదేరాడో లేదో ఆఫీసులో తెలియదు.

మే 16, శనివారం

తెల్లవారకముందే స్నానం చేశాను. దీపం పెట్టాను. పెట్టకుండా పెట్టానని కబురు పంపితే అబద్ధం. ఈ వయసులో దేవుడి పేరు మీద అబద్ధం నా వల్ల కాదు.

"దీపం పెట్టినా, రాండి" అన్నాను. పైకే. ఇంట్లో ఎవరూ లేరు.

తర్వాత పీట వేసుకొని తిన్నాను. రాత్రి అన్నం, మజ్జిగ. నేను తింటేనే అది తింటుందన్నట్టు మింగాను. పాలు ఇవ్వడానికి వచ్చి ఖాసింబీ గడప దగ్గరే నిలబడిపోయింది.

"ఏంది టీచరమ్మా! శనివారం పూట తింటాండావ్?"

"దీపం పెట్టినాలే, తిననీ."

పాలు పోసి వెళ్లింది. మధ్యాహ్నం ఎండలో మళ్లీ వచ్చి, దీపం కొండెక్కకుండా నేను నూనె పోస్తుంటే చూసి వెళ్లింది. ఈ పాటికి శ్రావ్య మంచులో ఉంటుంది. నోరు ఎండి ఉంటుందా...

మే 17, ఆదివారం

రాఘవ, కోడలు పొద్దున్నే వచ్చారు. శ్రావ్య నంబరు మోగడం లేదు. కోడలికి ఒక్కపొద్దు సంగతి చెప్పాను. చేతిలో ఉన్న లోటా కింద పెట్టింది, అంతే. తిట్టి ఉంటే బాగుండేది.

ఆఫీసుకు రాఘవే చేశాడు. స్పీకరు పెట్టాడు. గుంపు కనుమ దాటిందట. ఒక అమ్మాయి మాత్రం నిన్న దారిలో కూలబడితే గుర్రం మీద వెనక్కి, కింది గుడారాలకు దించారట. మనిషి ఎలా ఉంది? కబురు రావాలి. పేరు? పేరూ రావాలి.

"మీ కబురు పోయింది మేడమ్" అంటోంది ఆ అమ్మాయి. "దీపమ్ పెట్టినా. గుర్రం అతను చెప్పానన్నాడు."

ఎవరికి చెప్పాడు? కూలబడక ముందా, పడ్డాకా?

గుంపులో ఇంకా ఆడపిల్లలున్నారు. శ్రావ్య పంపిన ఫోటోలో చూశాను. ఎర్ర టోపీ పిల్ల, కళ్లద్దాల పిల్ల. ఆ పడ్డది వాళ్లలో ఒకరు కావాలని కోరుకున్నాను. గూట్లో నరసింహుడి ఎదుట నిలబడి కోరుకున్నాను. ఆ పిల్లకూ ఎక్కడో ఒక జేజి ఉంటుందని వెంటనే తట్టింది. చెంపలు వేసుకున్నాను.

మళ్లీ అదే కోరుకున్నాను.