కొండ దిగిన మొదటి ఆప్షన్

బావా,

నువ్వు పోయి ఇవాళ్టికి ఏడాది. నీ మీద కోపం తగ్గలేదు గాని, ఈ కబురు నీకు చెప్పకుండా ఉండలేకపోతున్నాను. నా కూతురికీ నీ కొడుక్కీ పుట్టిన మన గుంటకి డాక్టరు చదువుకి మంచి ర్యాంకు వచ్చింది. "పుస్తకాలు కూడెడతాయేటి?" అని అరకు సంతలో పదిమంది ముందు నన్ను వెక్కిరించావే, ఇప్పుడు మాట్లాడు.

ఏ కాలేజీ ముందు కావాలో ఆన్‌లైన్లో వరసగా పెట్టడానికి నిన్నే ఆఖరి రోజు. అది దాటితే మార్చడం కుదరదు. మన కొండల్లోని కొత్త కాలేజీని ముందు పెట్టమని గంటసేపు ఉపన్యాసమిచ్చాను. పట్నం డాక్టర్ల పొగరు మీద చదివినవన్నీ వల్లించాను. పిల్ల బుద్ధిగా విని, పట్నం కాలేజీనే పైన పెట్టింది.

"ఏటే, సొంత కొండ సేదైపోనాదా?" అన్నాను.

"అది కాదు తాతా. నిరుడు ఆ తాతని ఆ పట్నం కాలేజీ ఆసుపత్రిలోనే ఉంచినప్పుడు, నొప్పెక్కడో మన కొండ బాసలో సెప్పుకున్నాడు. ఆలకి అర్దం కానేదు. కోపమొచ్చి ఆల ఏడు తరాలనీ తిట్టీసినాడు. అదీ అర్దం కానేదు, నవ్వీసి ఇంజెక్షన్ ఇచ్చినారు. మన తిట్లు తెలిసిన డాక్టరు అక్కడ ఒక్కలైనా ఉండొద్దేటి?"

నేను నవ్వాను. కళ్లు తుడుచుకుని మళ్లీ నవ్వాను. నా పుస్తకాలు ర్యాంకు తెచ్చాయి, నీ తిట్లు కాలేజీని ఎంచాయి.

బతికుండగా ఒక్క వాదంలోనూ నన్ను గెలవలేదు నువ్వు. ఈ ఒక్కటీ నీదే బావా, ఉంచుకో.