మిగిలిన యూనిట్లు

డిసెంబరు 2

పైపు గ్యాసు తీయించి ఇండక్షన్ పొయ్యి పెట్టించాను. దానికి విడిగా ఒక సబ్‌మీటర్ కూడా బిగించాను. నా భార్య పోయి ఏడాది దాటినా మా వెనక గదిలోంచి కదలని బావమరిది మీద, చాటుగా పొయ్యి వాడుతున్నాడని ఎప్పటినుంచో అనుమానం. ఇక దొరికిపోతాడు.

డిసెంబరు 3

నెలకు పది క్యూబిక్ మీటర్ల గ్యాసు కాల్చేవాళ్లం. ఒక్కోదానికి దాదాపు పదిన్నర యూనిట్ల కరెంటు. వెరసి నూట అయిదు. కానీ గ్యాసు వేడిలో సగానికి పైగా గిన్నెకు అందదు, గదిలోకి పోతుంది. కొత్త పొయ్యికి ఆ వృథా లేదు. యాభై చాలు.

లెక్క వినిపిస్తే బావమరిది, ఆ వృథా వేడికే కదా బావా అక్క అరచేతులు కాచుకునేది, అన్నాడు. నిజమే, ఎండాకాలంలోనూ స్వెటర్ విప్పని మనిషి. ఆ స్వెటర్ ఇంకా బీరువాలోనే ఉంది. లెక్కల్లోకి అక్కల్ని తేకు అన్నాను.

జనవరి 2

నెల తిరిగింది. సబ్‌మీటర్‌లో నూట అయిదు.

జనవరి 3

యాభై మా వంటవి. మిగతా యాభై అయిదు ఎవరివి? నాకు తెలియకుండా వండుకు తింటున్నావా అని నిలదీశాను. నా పుస్తకాల్లో పేజీలు మడవడం మొదలు, నా పెళ్లి వాచీ పోగొట్టడం దాకా అన్నీ తవ్విపోశాను. నాకు ఆమ్లెటే సరిగ్గా రాదు, ఇంక దొంగవంట ఎక్కడ నేర్చుకోను బావా, అని నవ్వాడు. నాకు నవ్వు రాలేదు. గది ఖాళీ చెయ్యమన్నాను. పెట్టె సర్దుకుని, ఈ ఇంట్లో ఒక్క వంటగదిలోనే చలి లేదు, ఎప్పుడైనా గమనించావా, అని అడిగి వెళ్లిపోయాడు. నాటకాలు.

ఫిబ్రవరి 2

ఒక్కణ్ణే వండుకున్నాను. నా వాటా పాతిక. మీటరు ఈ నెలకు ఎనభై చూపిస్తోంది. మిగిలింది మళ్లీ అదే యాభై అయిదు.

థర్మోడైనమిక్స్ చదివాను, వేదాంతం చదివాను. రెండింటిలోనూ దీనికి జవాబు లేదు. పొయ్యి పక్క గోడ తాకి చూశాను. ఎవరో అంతదాకా ఆనుకుని అప్పుడే లేచినంత వెచ్చగా ఉంది.

ప్లగ్ పీకేశాను.

ఫిబ్రవరి 3

గోడ చల్లబడింది. బీరువాలో స్వెటర్ లేదు.

ప్లగ్ మళ్లీ పెట్టాను. బావమరిదికి ఫోన్ చేసి, వచ్చెయ్, మీ ఇద్దరూ ఎంత వాడుకున్నా అడగను అన్నాను.

ఏ ఇద్దరం అని వాడు అడగలేదు.