తమ్ముడి తెల్లచొక్కా

2 నవంబరు 2006, గురువారం
ఏలూరు

ఇవాళ సమాధుల పండుగ. అమ్మా నేనూ పెదపాడు వెళ్లి, తమ్ముడి సమాధికి సున్నం వేసి, పూలు పెట్టి కొవ్వొత్తులు వెలిగించాం. చేతులకంటిన సున్నం ఎంత కడిగినా పోలేదు.

పోయినేడు వాడు బాప్తిస్మానికి పేరిచ్చాడు, తెల్లచొక్కా కుట్టించుకున్నాడు. తీరా కాలువలో బాప్తిస్మం తీసుకోవాల్సిన ఉదయం ఒళ్లు వెచ్చగా ఉందని నేనే ఆపాను. "కాలువ నీళ్లు చల్లగా ఉంటాయిరా, వచ్చే నెల తీసుకుందువుగాని" అన్నాను. ఆ జ్వరం మరి తగ్గలేదు. పదోరోజున అదే చొక్కా తొడిగి వాణ్ణి పెట్టెలో పడుకోబెట్టాం.

సమాధుల దగ్గర పాస్టరుగారు కనిపించి, "ఈ ఆదివారం నువ్వూ బాప్తిస్మం తీసుకోమ్మా. ఇంకా ఎన్నాళ్లు వాయిదా వేస్తావు?" అన్నారు.

నేను నోరు విప్పేలోగా అమ్మ, "తీసుకుంటుందండీ. రేపు పైన అందరం వాణ్ణి చూడాలి కదండీ" అంది.

బాప్తిస్మం లేకుండా పోయినవాడు అక్కడ ఉంటాడా అని ఆయన్ని అడగలేకపోయాను. ఉండడంటారేమోనని భయం. ప్రభువా, వాడు వస్తానన్నాడు. ఆపింది నేను.

అమ్మ అప్పుడే నా తెల్లచీర ఉతికి ఆరేసింది. ఆదివారం ఆ కాలువలో మునిగి లేస్తే, వాడు లేని చోటికి నేనొక్కదాన్నే వెళ్తానేమో.