తాళాలు మోగుతాండాయి

జమ్మలమడుగు,
ఆదివారం మధ్యాహ్నం.

ప్రియమైన అరుణకు,

దేవుని దయవల్ల నేనూ, మన కీర్తనా ఇక్కడ బాగానే ఉన్నాం. విజయవాడ ఆస్పత్రిలో నీకు డ్యూటీలు కాస్త తెరిపిచ్చాయని, నడుంనొప్పి తగ్గిందని తలుస్తాను. కీర్తన పరీక్షలు బాగా రాసింది. నీ జాబు అందింది. నా మీద కోపమా అని అడిగావు. కోపం లేదు. అసలు సంగతేమిటో చెప్పడానికే ఈ ఉత్తరం.

నువ్వు పంపిన సబ్‌వూఫర్, ఆ డోలుమోతల స్పీకరు పెట్టె, చేరింది. మన స్టీరియోలో పాట పేలవంగా వస్తోందని నేను సణిగిన మాట గుర్తుపెట్టుకుని పంపావు. బిగించడానికి ప్రొద్దుటూరు నుంచి కుళ్లాయప్ప వచ్చాడు. నా దగ్గర ఎనిమిదో తరగతి చదివినవాడు, ఇప్పుడు సౌండ్ సిస్టమ్‌ల షాపు పెట్టుకున్నాడు.

“మీ ఆంప్లిఫైయర్ పాతది సార్. సబ్‌వూఫర్‌కని వేరే దారి ల్యా. స్పీకర్లకు పోయే వైర్ల పక్కనే ఇంకో జత తగిలించి దీనికి తెచ్చుకుందాం,” అన్నాడు.

ఎరుపుకు ఎరుపు, నలుపుకు నలుపు చూసి బిగించాడు. పెట్టెను మూలకు పెడితే కిటికీ అద్దాలు అదిరాయి. కాస్త ముందుకు లాగి, మీట అటూ ఇటూ తిప్పి, డోలు దెబ్బ పెట్టెలోంచి కాక పాటలోంచే వస్తున్నట్టు కుదిర్చాడు. మన చర్చి క్వయిర్ రికార్డు పెట్టాం. ఆ దెబ్బ నా అరికాళ్లకు తగిలింది. ఎంత హాయిగా ఉందో చెప్పలేను.

“ఇది బాగుందప్పా. ఆ స్పీకర్లే చచ్చినాయి. తాళాలు వినపడల్యా,” అన్నాను.

అతను స్పీకర్ దగ్గర చెవి పెట్టాడు. “తాళాలు మోగుతాండాయి సార్. శానా బాగా మోగుతాండాయి.”

పాట ఆపి నన్ను గోడవైపు తిరగమన్నాడు. కాసేపటికి ముందుకొచ్చి భుజం మీద చెయ్యేశాడు.

“మూడుసార్లు పిలిచినా సార్.”

నవ్వలేదు, జాలీ పడలేదు. మర్నాడు షాపు మూసి, తన బండి మీద ప్రొద్దుటూరులో చెవుల డాక్టరు దగ్గరికి తీసుకుపోయాడు. సన్నని శబ్దాలు నాకు అందడం లేదట. చెవికి మిషన్ పెట్టుకుంటే మాట తెలుస్తుందన్నారు. నిన్ననే పెట్టారు.

అరుణా, ఇక దాచను. ఇది నాకు ఏడాదిగా తెలుసు. క్లాసులో పిల్లల జవాబులు పెదవులు చూసి పట్టుకుంటున్నాను. చర్చిలో నేను నడిపే క్వయిర్ ఇంకొకరికి ఇచ్చేస్తారని భయపడి తప్పంతా స్పీకర్ల మీదికి నెట్టాను. ఫోన్‌లో నీ గొంతు అందక, రెండు మాటలకే పెట్టేస్తూ వచ్చాను. బదిలీ రాలేదని నువ్వు ఏడుస్తూ చెబితే “శానా సంతోషం” అన్నానని రాశావు. నాకు “బదిలీ” ఒక్కటే వినపడింది. వచ్చేస్తున్నావనుకుని గదికి సున్నం కూడా వేయించాను.

నువ్వు ఆ పెట్టె పంపకపోతే, కుళ్లాయప్ప రాకపోతే ఇంకా ఎన్నాళ్లు దాచేవాణ్ణో. మీ ఇద్దరి మేలూ మరిచిపోలేను.

శుక్రవారం ఎర్రగుంట్లలో రైలెక్కుతున్నాను. నీ ఎదురుగా కూర్చుంటాను. ఆ రోజు చెప్పిందంతా మళ్లీ చెప్పు. ఏడుపొస్తే ఏడువు. ఈసారి ఫోన్ పెట్టేసినట్టు మధ్యలో లేచి వెళ్లను.

ఇట్లు,
నీ పెనిమిటి
ఆనందయ్య