ఎర్ర పెట్టెలో ఆడగొంతు

భవానీపురం, విజయవాడ
జూన్ 2001

గౌరవనీయులు వీరమ్మ గారికి,

నమస్కారాలతో లక్ష్మీకాంత్ విన్నవించుకునే సంగతులు.

నేను మీకు తెలియను. ఇక్కడ బ్యాంకులో గుమాస్తాని. మీ అబ్బాయి ఎల్లారావు గారు గిటారు పట్టుకుని విజయవాడ కాలేజీల్లో రాక్ పాటలు పాడే రోజుల్లో, ముందు వరసలో నిలబడి గొంతు పోయేలా అరిచినవాళ్ళలో ఒకణ్ణి. ఆయన కామెర్లతో పోయి నాలుగేళ్ళయినా, మేం కొంతమందిమి ఆదివారాలు మా డాబా మీద చేరి ఆ పాటలే వింటున్నాం.

అసలు సంగతికొస్తాను. ఆయనకి పేరు రాకముందు, నాగాయలంకలో మీ ఇంట్లోనే టేప్ రికార్డర్ ముందు కూర్చుని పాడుకున్న క్యాసెట్లు ఒక స్నేహితుడి దగ్గర దొరికాయి. వాటన్నిటినీ ఒక మంచి పెట్టెలో అమర్చి, ఫోటోలతో చిన్న పుస్తకం జతచేసి అభిమానులకి అందించాలని మా కోరిక. అయితే ఎలా అన్న దగ్గర మా సంఘం రెండుగా చీలింది. ఉన్నది ఉన్నట్టు, దగ్గులూ కాకులూ కుక్కలతో సహా ఇవ్వాలన్నవాళ్ళది ఎర్ర పెట్టె. స్టూడియోలో శుభ్రం చేయించి పాట ఒక్కటే ఇవ్వాలన్నవాళ్ళది నల్ల పెట్టె. నాది నల్ల పెట్టె. ఎర్ర పెట్టెకి నాయకుడు లెక్చరర్ రామకోటేశ్వరరావు గారు. "దగ్గు తీసేస్తే చరిత్ర తీసేసినట్టేనయ్యా" అంటారాయన. మొన్న ఈ మాట మీదే పకోడీల పళ్ళెం గాల్లోకి లేచింది.

మీరు కన్నతల్లి. మీరు ఏ పెట్టె అంటే ఆ పెట్టె. దయచేసి సెలవియ్యండి.

ఇట్లు, మీ అబ్బాయి అభిమాని,
లక్ష్మీకాంత్

తా.క.: ఒక పాట వెనకాల సన్నగా కూనిరాగం తీసే అమ్మాయి ఎవరండీ? పుస్తకంలో ఆవిడ పేరు కూడా వేద్దామని.

—

నాగాయలంక

బాబు లక్ష్మీకాంత్‌కి వీరమ్మ చల్లగా ఉండమని దీవించి రాసేది.

నేను మూడో క్లాసు దాకానే చదివాను. అక్షరం పక్కన అక్షరం పేర్చుకుంటూ రాస్తున్నా. తప్పులుంటే నువ్వే సర్దుకో.

నీ ఉత్తరం సగం తెలిసింది, సగం తెలియలేదు. ఒకే పాటకి రెండు పెట్టెలేంటి నాయనా? చేపలైతే కడిగినవీ కడగనివీ అని రెండు బుట్టలుంటాయి. పాటని ఎక్కడ కడుగుతారు? ఇంకా విచిత్రం, ఉద్యోగాలు చేసుకునే మగాళ్ళు దగ్గు కోసం పకోడీలు విసురుకోవడం. ఆ ఏడు వాడికి పట్టిన దగ్గు వదిలించడానికి మిరియాల కషాయం పట్టుకుని ఇల్లంతా వాడి వెనక తిరిగాను. ఇప్పుడది చరిత్రయిందా? ముందే తెలిస్తే కషాయం మానేసేదాన్ని.

వాడు పోయాక ఈ ఊళ్ళో ఎవరూ వాడి పేరెత్తరు. ఎత్తితే నేను ఏడుస్తానని. ఎత్తకపోతే ఇంకా ఏడుపొస్తుందని వాళ్ళకి తెలీదు. నువ్వు కాగితం మీద వాడి పేరు రాశావు, గారు అని కూడా పెట్టావు. దాన్నే చూసుకుంటూ కూర్చున్నా, పొయ్యి మీద ఎసరు ఇంకిపోయింది.

ఎర్రదంటే ఎర్రది, నల్లదంటే నల్లది. ఏదైనా వేసుకోండి. మీరు మీరు కొట్టుకోకండి.

ఇట్లు,
ఎల్లారావు తల్లి వీరమ్మ

తా.క.: ఏ అమ్మాయి?

ఇంకో తా.క.: కవరు అంటించి మళ్ళీ విప్పాను. నేను బుట్ట నెత్తిన పెట్టుకుని సంతకి పోయాకే వాడు పాడుకునేవాడు. ఇంట్లో పురుగు కూడా ఉండదు. ఏ అమ్మాయి బాబూ? నేనక్కడ ఎండలో చేపలమ్ముతుంటే ఇక్కడ ఇదా భాగోతం? వెంటనే రాయి.

—

భవానీపురం

పూజ్యులు వీరమ్మ గారికి లక్ష్మీకాంత్ నమస్కరించి,

కంగారు పడకండి. తప్పుగా ఏమీ లేదు. పాట నడుస్తుంటే ఆ అమ్మాయి వెనక నుంచి సన్నగా రాగం కలుపుతుంది. పాట అయిపోగానే "కూడు చల్లారిపోతంది" అంటుంది. ఎల్లారావు గారు నవ్వుతారు. టేపు ఆగిపోతుంది. అంతే. గొంతు వింటే పదహారేళ్ళ పిల్లలా ఉంది.

అయితే ఆ ఒక్క మాట మీద రామకోటేశ్వరరావు గారు పెద్ద వ్యాసం రాశారు. కూడు అంటే జీవితమట, చల్లారడం అంటే కాలమట. ఇంత తాత్త్వికమైన పల్లవి రాక్ సంగీతంలో ఇంకెక్కడా లేదని తేల్చారు. మా నల్ల పెట్టెలో మాత్రం కాకులతో పాటు ఆ గొంతూ తీసేయించబోతున్నాం. అందుకని ఆయన నాతో మాట్లాడటం మానేశారు.

ఎర్ర పెట్టె క్యాసెట్టు పంపుతున్నాను. విని, ఎవరో గుర్తుపట్టి చెప్పండి.

విధేయుడు,
లక్ష్మీకాంత్

తా.క.: గుర్తుపట్టలేకపోయినా ఫరవాలేదు. ఎలాగూ నల్ల పెట్టెలో ఉండదు కదా.

—

నాగాయలంక

నాయనా లక్ష్మీకాంత్, నిండు నూరేళ్ళు ఉండు. వీరమ్మ పొయ్యి దగ్గర కూర్చుని రాస్తున్న ఉత్తరం.

తీసేయకు! ఆ గొంతు తీసేశావంటే నా ఉసురు తగులుతుంది. ఆ పిల్ల నా కోడలు.

ఎలా తెలిసిందంటావా? పిల్ల "కూడు చల్లారిపోతంది" అంది గానీ, ఎల్లారావూ అని పిలిచిందా? లేదు, అంతే అని నువ్వే రాశావు. మా ఇళ్ళలో పెళ్ళాం మొగుడి పేరు చచ్చినా పలకదు. నేనూ మా ఆయన్ని పాతికేళ్ళు గోడకేసి చూసి పిలిచాను. పేరెత్తకుండా అన్నానికి పిలిచిందంటే, వాడు తాళి కట్టిన పిల్లే. నాకు చెప్పకుండా కట్టాడు వెధవ. కట్టాక నవ్వుతున్నాడు కూడా.

క్యాసెట్టు వినలేదు. టేపు ఉన్నది పక్కింటి బుల్లెమ్మ దగ్గర. దానితో మాటల్లేవు. ఎందుకంటే, నీ ఉత్తరం రాగానే "మీ నాగలక్ష్మి మా ఇంటికి కూడు వండటానికి వచ్చేదా?" అని మంచిగానే అడిగాను. "నా కూతురు మా ఇంట్లోనే వండదు, మీ ఇంట్లో వండుద్దా?" అని చీపురు తీసింది. చెప్పింది నిజమే. నేనే తొందరపడ్డాను.

ఆ పిల్లని వెతుకు బాబూ. వాడి కోసం నేనొక్కదాన్నే ఏడుస్తున్నాననుకున్నా ఇన్నాళ్ళూ. ఇంకొకతి కూడా ఎక్కడో గోడకి చేరబడి ఏడుస్తుందంటే నాకు అన్నం దిగట్లేదు. దొరికితే ఈ పార్సిల్లో చీర ఇవ్వు. ఎండురొయ్యలు నీకు.

వీరమ్మ

తా.క.: కూడు అంటే అన్నం అని లెక్చరర్ గారికి చెప్పు. పాపం పెద్ద చదువు చదివారు, ఎవరూ చెప్పలేదేమో.

—

భవానీపురం

అమ్మా, లక్ష్మీకాంత్ పాదాభివందనాలు.

శుభవార్త! మా సంఘం పత్రికలో "కూడు చల్లారిపోతంది అన్నవారు ఎక్కడున్నా తెలియజేయండి, ఎల్లారావు గారి తల్లి ఎదురుచూస్తున్నారు" అని వేశాం. మైలవరం నుంచి సుధామణి అనే ఆవిడ జవాబు రాశారు. అక్కడ బట్టలు కుడతారట. ఉత్తరంలో ఒకటే వాక్యం: "ఆ గొంతు నాదే, ఆమెని చూడాలనుంది."

బస్టాండులో కలిసి చీర ఇచ్చాను. కవరు విప్పకుండా గుండెకి హత్తుకుని బస్సెక్కారు. ఈ పాటికి మీ దగ్గరే ఉండాలి. రామకోటేశ్వరరావు గారు వాళ్ళింట్లో పాయసం వండించారు. నేను కూడా తిన్నాను, కానీ నల్ల పెట్టె విషయంలో వెనక్కి తగ్గేది లేదు.

విధేయుడు,
లక్ష్మీకాంత్

తా.క.: ఎండురొయ్యలు చాలా బాగున్నాయి. పార్సిల్ బ్యాంకు చిరునామాకి వచ్చింది. మా మేనేజర్ గారు రెండు రోజులు ఎలుక కోసం వెతికించారు. నేనూ వాళ్ళతో కలిసి వెతికాను.

—

నాగాయలంక

బాబుకి, వీరమ్మ అత్తగారి హోదాలో రాస్తున్నది.

వచ్చింది. చామనఛాయ, పొట్టిగా ఉంటుంది. గుమ్మంలో నిలబడి లోపలికి రానంటుంది. "రావే" అంటే ఏడుపు, "కూర్చోవే" అంటే ఏడుపు. నేనూ మొదలుపెట్టాను. ఇద్దరం ఏడుస్తుంటే పిల్లి చేప ఎత్తుకుపోయింది.

నీకు తప్ప ఇంకెవరికీ చెప్పలేని మాట ఒకటుంది. నాకంతా అయోమయంగా ఉంది. తాళి ఏదే అంటే గిన్నెలు తోమడానికి పెరట్లోకి పోతుంది. పోనీ ఆ రాగం ఒకసారి తియ్యవే, విని ఆనందిస్తానంటే గొంతు విప్పింది. గూట్లో కోళ్ళు బయటికొచ్చాయి. ఈ గొంతు మీద వ్యాసం రాశారంటే ఆ లెక్చరర్ గారికి చెవులు చూపించుకోమను.

కాదందామంటే ఇంకో చిక్కు. రాత్రి నేను చెప్పకుండానే పులుసు గిన్నె పక్కన పెరుగు పెట్టి, "ఆయన రెండూ కలుపుకునేవారు కదండీ, చేపా పెరుగూ కలపకూడదంటే వినేవారు కాదు" అంది. బాబూ, ఆ పాడలవాటు నాకొక్కదానికే తెలుసు. బయట పరువు పోతుందని దాచిపెట్టాను. పక్కన కూర్చుని తినిపించకపోతే ఈ పిల్లకెలా తెలుస్తుంది?

గొంతు చూస్తే కాదు, కూడు చూస్తే అవును. నువ్వే చెప్పు.

వీరమ్మ

తా.క.: సుధామణి నాగలక్ష్మికి జాకెట్టు కుట్టిపెట్టింది. చేతులు సరిగ్గా కుదిరాయి. బుల్లెమ్మ మాట్లాడుతోంది. ఇప్పుడు టేపు కావాలంటే టేపిస్తానంటోంది, చీపురు కావాలంటే చీపురిస్తానంటోంది.

—

భవానీపురం

అమ్మా,

లక్ష్మీకాంత్ నమస్కారాలు. ఈ ఉత్తరం కూర్చుని చదవండి.

నల్ల పెట్టె పని మీద స్టూడియోకి వెళ్తే అక్కడి ఆయన ఒక్క పాట విని నవ్వాడు. "ఇది బ్యాటరీలు అయిపోతుండగా రికార్డు చేసింది. టేపు నెమ్మదిగా తిరిగింది. ఇప్పుడు మామూలుగా వేస్తే పరుగెత్తుతుంది. అందుకే గొంతులన్నీ సన్నబడ్డాయి" అన్నాడు. ఎల్లారావు గారి గొంతు పలచగా ఉంటే లేతవయసు వల్ల అనుకున్నాం మేం. వేగం సరిచేసి వేశాడు. ఎల్లారావు గారి గొంతు నిండుగా, నేను కాలేజీలో విన్నట్టే వచ్చింది.

తర్వాత ఆ అమ్మాయి. అమ్మాయి కాదమ్మా. నడివయసు ఆవిడ. ఆ ఇంట్లో ఆ వయసులో ఉండి, పేరు పెట్టి పిలవకుండా కూడు చల్లారిపోతంది అనేదెవరో నాకిప్పుడు అర్థమైంది. సరిచేసిన క్యాసెట్టు పంపుతున్నాను. మీరే వినండి.

ఆ సుధామణి మనందరినీ మోసం చేసింది. వచ్చే నెల పత్రికలో అసలు సంగతి వేసి, ఎర్ర పెట్టె పూర్తిగా రద్దుచేసి, సరైన వేగంతో నల్ల పెట్టె తెస్తున్నాం. అందులో ఇప్పుడు మీ గొంతు కూడా ఉంటుంది, మీ పేరుతో. మీరు సరేనంటే చాలు. ఆవిణ్ణి వెంటనే పంపించేయండి.

లక్ష్మీకాంత్

తా.క.: రామకోటేశ్వరరావు గారికి ఆ గొంతు పదహారేళ్ళది కాదని మాత్రం చెప్పాను, ఎవరిదో ఇంకా చెప్పలేదు. వ్యాసంలో "పదహారేళ్ళ" అన్నచోటల్లా కొట్టేసి, "వయసుకు అతీతమైన" అని రాస్తున్నారు.

—

నాగాయలంక

నా బిడ్డతో సమానమైన లక్ష్మీకాంత్‌కి వీరమ్మ రాసేది. కోపం తెచ్చుకోకుండా చివరిదాకా చదువు.

విన్నాం. బుల్లెమ్మ టేపు మా అరుగు మీద పెట్టుకుని, నేనూ సుధామణీ పక్కపక్కన కూర్చుని విన్నాం. నా గొంతే. ఆ రోజు ముసురు పట్టి పడవలు వెళ్ళలేదు, సంత లేదు. నేను ఇంట్లోనే ఉన్నాను, మరిచేపోయాను. వాడి గొంతు వినగానే టేపుకి దగ్గరగా జరిగాను. "అయ్యిందమ్మా, వస్తన్నా" అని చివర్న మెల్లిగా అన్నాడు. సన్నగొంతు టేపులో మీకు అది నవ్వులో కలిసిపోయి ఉంటుంది.

సుధామణి మోసం చేసిందన్నావు. నీ క్యాసెట్టు రావడానికి ముందే నా దగ్గర కూర్చుని చెప్పేసింది. "అత్తా, ఆ గొంతు నాది కాదు. పెళ్ళి కూడా కాలేదు. మీకు చెప్పి చేసుకుందామన్నారు, ఇంతలో జబ్బు పడ్డారు. ఆయన పోయిన రోజు ఆస్పత్రికొచ్చాను. నువ్వెవరు, ఏం వరసవుతావు అని అడిగారు. ఏ వరసా లేదు కదా, బయటికి వచ్చేశాను. నాలుగేళ్ళుగా మిషను చప్పుడులో ఏడుస్తున్నాను, ఎవరికీ వినపడకుండా. వాళ్ళ పత్రికలో మీరు ఎదురుచూస్తున్నారని చదివాను. వరస దొరుకుతుందని రాశాను" అంది.

ఇదీ సంగతి. ఇప్పుడు నువ్వు నల్ల పెట్టె తెస్తే, విన్న ప్రతివాడికీ అది ముసలిదాని గొంతని తెలిసిపోద్ది. ఈ పిల్ల దొంగదవుద్ది. మళ్ళీ ఏ వరసా లేనిదవుద్ది. అందుకని పత్రికలో ఏమీ రాయకుండా ఎర్ర పెట్టే వెయ్యండి. పుస్తకంలో "గొంతు కలిపినవారు: సుధామణి, ఎల్లారావు భార్య" అని రాయండి. అబద్ధం కదా అంటావు. ఆ గొంతు నాది నాయనా. నా గొంతు నేను ఎవరికైనా ఇచ్చుకుంటాను. కొడుకునే దాచుకోలేకపోయినదాన్ని, గొంతు దాచుకుని ఏం చేస్తాను?

నల్ల పెట్టె కోసం నువ్వెంత పోరాడావో తెలుసు. నువ్వన్నదే సరైనదని కూడా తెలుసు. ఈ ఒక్కసారికి ఓడిపో బాబూ. సరైన గొంతు ఉన్న క్యాసెట్టు మా ఇద్దరికీ ఉంచెయ్. తలుపేసుకుని వింటాం.

సుధామణి మిషను మైలవరం నుంచి లారీలో వస్తోంది. ఎక్కడ పెట్టాలో చూస్తున్నాం. కిటికీ పక్కన అంటుంది, వెలుతురు కోసం. నాకూ అదే బాగుంటుందనిపించింది.

మీ ఇంటిల్లిపాదినీ అడిగానని చెప్పు.

ఇట్లు,
ఎల్లారావు తల్లి, సుధామణి అత్త,
వీరమ్మ

తా.క.: పెట్టె విడుదల రోజున కోడలు పిల్ల స్టేజీ మీద ఆ రాగం పాడాలని లెక్చరర్ గారు కబురు పెట్టారు. పిల్లకి జ్వరం వచ్చేసింది. భయం లేదు, నేను తెర వెనక కూర్చుని పాడతాను. పదహారేళ్ళ గొంతు రావాలంటే మైకులో ఎలాంటి బ్యాటరీలు వెయ్యాలో ఆ స్టూడియో ఆయన్ని అడిగి ఉంచు.