తాబేలు గుడ్ల అర్జీ

నాయనా,

నువ్వు పోయి నేటికి ఏడాది. ఏటా మాఘమాసంలో కాలేజీలో పాఠాలు చెప్పే పనికి సెలవు పెట్టి తాబేలు గుడ్లకు కాపలా కాస్తా ఉంటివే, ఆ సముద్రం ఒడ్డుకు మొన్న చిత్తూరు నుంచి బస్సులో పోయినాను. ఇసక లారీలు గుడ్ల గుంతలన్నీ తొక్కేసినాయి. పగిలిన గుడ్లు ఎండకు కంపు కొడతా ఉండాయి.

లారీలను ఆపమని అర్జీ రాసుకోని ఆ ఊరి తాసీల్దారు ఆఫీసుకు పోతే, అందులో నీ పేరూ మన ఊరూ చూసి గుమాస్తా నవ్వినాడు.

"సముద్రమే లేని చిత్తూరు జిల్లావాళ్లు, మీకెందుకమ్మా ఈ గోల? మీ నాయనకూ ఇదే చెప్పి నాలుగుసార్లు పంపించినాను."

నువ్వు ఈ మాట ఒక్కనాడూ ఇంట్లో అనలేదే!

నాకు ఒళ్లు మండింది. అర్జీ అందినట్టు ముద్ర వేసిచ్చేదాకా లేచేది లేదని బల్ల ముందే కూర్చున్నాను. సాయంత్రానికి విసుక్కుంటా వేసినాడు. బయటికొస్తే ఇంకో లారీ దుమ్ము లేపుకుంటా ఒడ్డుకే పోతా ఉండాది.