పఖాళ డబ్బా

బడి ప్రధాన గురుమా గారికి,

నా కూతురు ఝిలిని ఆకలితో మాడుస్తున్నది మీరే. తరగతి అందరి ముందూ దాని డబ్బా మూత తీసి, "ఛీ, పులిసిన నీళ్లన్నం! మీ అమ్మకి పొద్దున్నే లేచి వండే ఓపిక లేదా?" అన్నారు.

అది పఖాళ, గురుమా. రాత్రి అన్నం నానబెట్టి, పొద్దున పొయ్యి వెలిగించకుండా మిగిల్చిన డబ్బే మీ ఫీజులోకి వస్తోంది. మొన్న మన ఒడిశా అంతా జరుపుకునే పఖాళ దినమని బడి వేదికెక్కి, ఇత్తడి గిన్నెలో పఖాళతో మీరే ఫోటో దిగారు. వేదిక మీద సంస్కృతి, నా బిడ్డ డబ్బాలో దరిద్రమా?

ఇప్పుడు ఝిలి ఇంట్లోనూ పఖాళ ముట్టడం లేదు. "ఆకల్లేదమ్మా, నువ్వే తిను" అంటోంది.

నేను అడిగేవి ఇవి:

పిల్లల డబ్బాలు తెరిచి చూడటం మానండి.

క్షమాపణ నాకొద్దు, తరగతి ముందు ఝిలికి చెప్పండి.

రేపు మధ్యాహ్నం దాని పక్కన కూర్చుని, దాని డబ్బాలోంచే తినండి.